మోకాలికి ఏ ఇంజెక్షన్ వేశారో చీటీ మీద రాసివ్వాలి

సంపాదకులకు,

పేపరు మధ్యలో పెట్టి పంచే కరపత్రాల్లో, బస్టాండు గోడల మీద ఒకటే మాట: ‘ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో మోకాళ్ళ నొప్పులు మాయం’. ఆ ఇంజెక్షన్‌లో ఉండే మందు పేరు మాత్రం ఎక్కడా రాయరు. వేయించుకుని వచ్చినవాళ్ళని అడిగితే ‘గుజ్జు ఇంజెక్షన్ అన్నారండీ’ అంటారు, లేదా ‘ఏదో ఫారిన్ మందట’ అంటారు. చీటీ ఇవ్వరు. ఇచ్చినా దాని మీద మందు పేరుండదు, మోతాదుండదు, ఏ కాలికి వేశారో కూడా ఉండదు. మాలో ఒకరు కీళ్ళలోకి ఇంజెక్షన్లు వేసే ఎముకల డాక్టరు, ఇంకొకరు ఆ తర్వాత ఆ కీళ్ళని కదిలించే ఫిజియోథెరపిస్టు. ఈ ఉత్తరం ఆ చీటీ కోసమే రాస్తున్నాం. అది ఎందుకంత అవసరమో తెలియాలంటే ఇంజెక్షన్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మన దగ్గర మోకాలికి వేసే ఇంజెక్షన్లు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది స్టీరాయిడ్, అంటే వాపు తగ్గించే మందు. రెండోది హయలురానిక్ యాసిడ్, జనం గుజ్జు ఇంజెక్షన్ అనేది దీన్నే. మూడోది పీఆర్‌పీ, అంటే రోగి రక్తాన్నే తీసి, గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి కీలులోకి ఎక్కించడం. మూడూ ఒకటి కావు. ధర, పని, జాగ్రత్తలు, మళ్ళీ ఎప్పుడు వేయించుకోవచ్చన్న లెక్క, అన్నీ దేనికవే.

స్టీరాయిడ్ పాతమందు. కీలులోకి నేరుగా హైడ్రోకార్టిజోన్ అనే స్టీరాయిడ్ ఎక్కించి ఫలితాలు ప్రకటించింది 1951లో, అమెరికాలోని ఫిలడెల్ఫియాకి చెందిన డాక్టర్ హాలండర్ బృందం. ఇప్పుడు వాడేవి ఎక్కువగా ట్రైయామ్సినలోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్. రెండూ సాధారణంగా మిల్లీలీటరుకి 40 మిల్లీగ్రాముల సీసాల్లో పాలలా తెల్లగా ఉంటాయి. మందు పొడి అడుక్కి దిగి ఉంటుంది కాబట్టి సిరంజిలోకి తీసేముందు సీసాని బాగా కదపాలి. కదపకపోతే ఒకరికి ఉత్త నీరు, మరొకరికి రెట్టింపు మందు వెళుతుంది. మోకాలికి, భుజానికి మామూలుగా 40 మిల్లీగ్రాములు సరిపోతుంది. మణికట్టుకి, చీలమండకి అందులో సగం, వేలి కీలుకి 5 నుంచి 10. దీంతోపాటు మొద్దుబారడానికి లిగ్నోకైన్ కలుపుతారు. నిల్వ కోసం పారాబెన్లు కలిపిన లిగ్నోకైన్ సీసా వాడితే ఒక్కోసారి స్టీరాయిడ్ పెరుగు విరిగినట్టు గడ్డలు కడుతుంది. అలా కట్టిన మందు వాడకూడదు.

ఇది ఎవరికి పనిచేస్తుందో ముందు తేల్చుకోవాలి. కీలు లోపలి పొర వాచి, నీరు చేరి, ముట్టుకుంటే వెచ్చగా ఉండి, పొద్దున్నే బిగుసుకుపోయే కీలుకి బాగా పనిచేస్తుంది. కీళ్ళవాతంలో మిగతా కీళ్ళన్నీ మందులకి లొంగి ఒకటి మాత్రం మొండికేసినప్పుడు ఇది మంచి ఆయుధం. గౌట్ (కీళ్ళలో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు చేరే జబ్బు) వచ్చి, కిడ్నీ జబ్బు వల్ల నొప్పి మాత్రలు మింగలేనివారికీ అంతే. భుజం పట్టేసిన మొదటి నెలల్లో, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేనంత నొప్పి ఉన్నప్పుడు వేస్తే ఉపశమనం స్పష్టంగా కనిపిస్తుంది. నొప్పి తగ్గిపోయి బిగుసు మాత్రమే మిగిలిన భుజానికి దీనివల్ల ఒరిగేది తక్కువ.

కాళ్ళు దొడ్డికాళ్ళై, ఎముకకి ఎముక రాసుకుంటూ, వాపు లేని మోకాలికి స్టీరాయిడ్ ఎన్నిసార్లు వేసినా వంకర సరికాదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుము, మెడ, మోకాళ్ళు బిగుసుకుపోయినవారి సంగతి కూడా ఇలాంటిదే. ఫ్లోరోసిస్ ఎముకల జబ్బు గురించి మన దేశంలో మొదట వైద్యపత్రికకెక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. నల్లగొండ సంగతి అందరికీ తెలుసు. ఆ బిగుసు కీలు లోపలి వాపు వల్ల కాదు, ఎముక చిక్కనై, చుట్టూ ఉన్న బంధనాలు గట్టిపడటం వల్ల వస్తుంది. ఆ ఊళ్ళలో క్యాంపులు పెట్టి వరసగా మోకాళ్ళకి స్టీరాయిడ్ వేయడం మాకు బాధ కలిగిస్తుంది.

ఇంకొక ప్రమాదం ఉంది. ఒక్క కీలే నెలల తరబడి వాచి, సాయంత్రానికి సన్నగా జ్వరం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం ఉంటే ముందు టీబీ అని అనుమానించాలి. ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ, కీలు పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష, ఇవన్నీ అయ్యేదాకా స్టీరాయిడ్ జోలికి పోకూడదు. టీబీ ఉన్న కీలులో స్టీరాయిడ్ వేస్తే కొన్నాళ్ళు హాయిగా ఉంటుంది, లోపల జబ్బు మాత్రం ఎముకని తినేస్తుంది.

వేసే పద్ధతి చెబుతాం, ఎందుకంటే ఎదుటివాళ్ళు ఎలా వేస్తున్నారో రోగి గమనించగలడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెడితే కాలు కొద్దిగా వంగి తొడ కండరం వదులవుతుంది. చిప్ప పై అంచు, బయటి అంచు కలిసే మూలని వేలితో తడిమి గుర్తు పెట్టుకోవాలి. లోపలివైపు నుంచి చిప్పని బొటనవేలితో నెడితే బయటివైపు చిప్పకీ తొడ ఎముకకీ మధ్య సందు తెరుచుకుంటుంది. అక్కడ క్లోర్‌హెక్సిడిన్‌తో గానీ పోవిడోన్ అయోడిన్‌తో గానీ శుభ్రం చేసి ఆరనివ్వాలి. అయోడిన్ అయితే రెండు నిమిషాలు ఆగాలి. తడి మీదనే సూది గుచ్చితే శుభ్రం చేసిన ప్రయోజనం పోతుంది. శుభ్రం చేశాక ఆ చోటుని మళ్ళీ వేలితో ముట్టుకోకూడదు. మందు తీసిన సూది వేరు, గుచ్చే సూది వేరు. మోకాలికి 21 గేజి, ఒకటిన్నర అంగుళం సూది సరిపోతుంది.

సూది లోపలికి వెళ్ళాక ముందు వెనక్కి లాగి చూడాలి. నీరు ఉంటే మొత్తం తీసేయాలి, దాంతోనే సగం బిగుసు తగ్గుతుంది. ఆ నీరు ఎండుగడ్డి రంగులో, వెనక పెట్టిన అచ్చు కాగితం చదవగలిగినంత తేటగా ఉంటే మందు ఎక్కించవచ్చు. మబ్బుగా గానీ చీములా గానీ ఉంటే సిరంజి మార్చి స్టీరాయిడ్ వేసే ఆలోచన అక్కడితో మానుకోవాలి. ఆ నీటిని కణాల లెక్కకి, సూక్ష్మక్రిములని పట్టే గ్రామ్ స్టెయిన్, కల్చర్ పరీక్షలకి, స్ఫటికాల పరీక్షకి పంపాలి. మందు ఎక్కిస్తున్నప్పుడు సాఫీగా జారిపోవాలి. బలం పెట్టాల్సి వస్తే సూది కీలులో లేదు, స్నాయువులోనో (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) కొవ్వులోనో ఉంది. అప్పుడు నెట్టకూడదు, సూది దిశ మార్చుకోవాలి. మడమ వెనక ఉండే లావాటి స్నాయువులోకి, చిప్ప కింది స్నాయువులోకి స్టీరాయిడ్ వెళితే అవి తెగే ప్రమాదం ఉంది.

నీరు లేని మోకాలిలో ఏ దారిన వెళితే సూది సరిగ్గా లోపలికి చేరుతుందో 2002లో ఫ్లోరోస్కోపీతో, అంటే తెర మీద కనిపించే ఎక్స్‌రేతో సరిచూశారు. చిప్ప బయటి పక్క నుంచి వెళ్ళినప్పుడు 93 శాతం, కాలు మడిచి ముందు నుంచి వెళ్ళినప్పుడు 71 నుంచి 75 శాతం. కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు వేలాడేసి, ముందు నుంచి చకచకా వేసుకుంటూ పోయే పద్ధతిలో ప్రతి నలుగురిలో ఒకరికి మందు కీలులోకే చేరకపోవచ్చన్నమాట. తుంటి కీలుకైతే అల్ట్రాసౌండ్ గానీ ఎక్స్‌రే తెర గానీ లేకుండా వేయనే వేయకూడదు.

సీసాల సంగతి క్యాంపుల్లో ఎక్కువ భయపెడుతుంది. ఒకే సీసాలోకి మళ్ళీ మళ్ళీ సూదులు దించి పదిమందికి వేస్తే, ఒక్క తప్పు పదిమందికీ అంటుకుంటుంది. 2012లో అమెరికాలో ఒక మందుల తయారీ సంస్థ పంపిన మిథైల్ ప్రెడ్నిసొలోన్ సీసాల్లో బూజు చేరి 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమందికి వెన్నులో వేశారు, కీళ్ళలో వేయించుకున్నవాళ్ళకీ ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. అక్కడ ఎవరికి ఏ బ్యాచ్ మందు పడిందో రికార్డు ఉంది కాబట్టి వెతికి పట్టుకుని వైద్యం చేయగలిగారు. మన క్యాంపుల్లో అలాంటిది జరిగితే ఎవరిని వెతుకుతాం?

వేయించుకున్నాక ఏం జరుగుతుందో రోగికి ముందే చెప్పకపోవడం వల్ల అనవసరమైన కంగారు పుడుతుంది. లిగ్నోకైన్ వల్ల మొదటి గంటా రెండు గంటలు నొప్పి ఉండదు. సాయంత్రానికి తిరిగి వస్తుంది. స్టీరాయిడ్ పని మొదలయ్యేది ఒకటి నుంచి మూడు రోజుల్లో, కొందరికి వారం పడుతుంది. ఈ మధ్య రోజుల్లో ‘ఇంజెక్షన్ పనిచేయలేదు’ అనుకుని వేరేచోట ఇంకొకటి వేయించుకుంటారు. అది పెద్ద పొరపాటు. కొద్దిమందికి మందు స్ఫటికాల వల్ల మొదటి రోజే నొప్పి, వాపు పెరిగి, రెండు మూడు రోజుల్లో అదే తగ్గుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు పావుగంట చొప్పున పెట్టి, పారాసెటమాల్ వేసుకుంటే చాలు. ఆడవాళ్ళకి ముఖ్యంగా ముఖం ఎర్రబడి వెచ్చగా అనిపించవచ్చు, ఆ నెల బహిష్టు అటూ ఇటూ కావచ్చు. పై పొరలో ఉండే చిన్న కీళ్ళ దగ్గర ట్రైయామ్సినలోన్ చర్మం కిందకి లీకైతే అక్కడ కొవ్వు కరిగి గుంట పడుతుంది, తెల్లమచ్చ వస్తుంది. మన చామనచాయ ఒంటి మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తగ్గడానికి నెలలు పడుతుంది.

భయపడాల్సింది ఒక్క దానికి. రెండు రోజులు దాటాక నొప్పి తగ్గకపోగా పెరుగుతూ, కీలు ఎర్రబడి కాలుతూ, చలిజ్వరం వచ్చి, కాలు కింద పెట్టలేకపోతే అది కీలులో చీము కావచ్చు. చాలా అరుదు, వేలమందిలో ఒకరికి వస్తుంది. కానీ వచ్చిందంటే గంటలు లెక్కే. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి, కాపడం పెట్టుకుంటూ తెల్లారేదాకా ఆగకూడదు. డ్యూటీ డాక్టరు మొదట అడిగే ప్రశ్న ‘ఏం వేశారు, ఎప్పుడు వేశారు?’ అనే.

షుగర్ ఉన్నవారి గురించి విడిగా చెప్పాలి. కీలులో వేసిన స్టీరాయిడ్ అక్కడే ఉండిపోదు, కొంత రక్తంలోకి వెళుతుంది. రెండు నుంచి ఐదు రోజుల పాటు, ఒక్కోసారి వారం దాకా షుగర్ పెరుగుతుంది. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ఆ వారం పొద్దున పరగడుపున, సాయంత్రం భోజనానికి ముందు చూసుకోవాలి. 300 దాటినా, అదేపనిగా దాహం, మూత్రం ఎక్కువైనా షుగర్ డాక్టరుకి ఫోన్ చేయాలి. ఇన్సులిన్ మోతాదు సొంతంగా పెంచుకోవద్దు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) 8 దాటి ఉంటే ముందు షుగర్ అదుపు చేసుకుని, ఇంజెక్షన్ తర్వాత ఆలోచించుకోవడం మంచిది. ఒకే రోజు రెండు మోకాళ్ళకీ 80 చొప్పున వేస్తే ఒంటికి 160 మిల్లీగ్రాములు ఇచ్చినట్టే అవుతుంది. ‘రెండూ ఒకేసారి అయిపోతాయి’ అన్న తొందర షుగర్ రోగికి పనికిరాదు.

మరొక సంగతి డాక్టర్లు కూడా అడగడం మర్చిపోతున్నారు. హెచ్ఐవీకి వాడే మందుల్లో రిటోనావిర్ ఉన్నవి తీసుకుంటున్నవారికి ఒక్క ట్రైయామ్సినలోన్ ఇంజెక్షన్ కూడా చాలా రోజుల పాటు ఒంట్లో నిలిచిపోయి, ముఖం ఉబ్బి, ఒంట్లో సహజ స్టీరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి పని ఆగిపోయేదాకా తీసుకెళ్ళవచ్చు. వరసలో నిలబెట్టి వేసే చోట ఆ ప్రశ్న ఎవరూ అడగలేరు, అడిగినా ఎవరూ జవాబు చెప్పలేరు. తలుపు వేసి, ఒక్కరినే కూర్చోబెట్టి అడగాలి. రక్తం పలుచన చేసే మాత్రలు వేసుకునేవారు వాటిని తమంతట తామే ఆపేయకూడదు. చాలామందికి ఆపాల్సిన పనే ఉండదు. వార్ఫరిన్ అయితే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచనైందో చెప్పే పరీక్ష) చూసుకుని వేస్తారు. మోకాలి మార్పిడి చేయించుకున్న కాలికి, అంటే లోహపు కీలు ఉన్న మోకాలికి, ఈ ఇంజెక్షన్ వేయకూడదు. మార్పిడి చేయించుకోవాలని తేదీ ఖాయం చేసుకున్నవారు కూడా ఆపరేషన్‌కి మూడు నెలల ముందు నుంచి ఆ కీలులో ఇంజెక్షన్ వేయించుకోకూడదు, ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

ఎన్నిసార్లు వేయించుకోవచ్చు? ఉపశమనం సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, కొందరికి మూడు నెలల దాకా. ఒకే కీలుకి కనీసం మూడు నెలల ఎడం ఉండాలి, ఏడాదికి మూడు నాలుగు దాటకూడదు. అది గరిష్ఠం, అన్నీ వేయించుకోవాలని కాదు. మోకాలి అరుగుదల ఉన్నవారికి రెండేళ్ళ పాటు మూడు నెలలకోసారి 40 మిల్లీగ్రాముల ట్రైయామ్సినలోన్ వేసి, మరో జట్టుకి ఉత్త సెలైన్ వేసి పోల్చిన అధ్యయనం 2017లో వచ్చింది. స్టీరాయిడ్ జట్టులో గుజ్జు ఎక్కువ అరిగింది. రెండేళ్ళ చివర నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అందుకే అరుగుదలకి దీన్ని నెలవారీ కిరాణాలా వాడొద్దంటాం. చీటీ లేకపోతే ఈ లెక్క ఎవరు కడతారు? జనవరిలో ఒకచోట, ఫిబ్రవరిలో క్యాంపులో, మార్చిలో బంధువు చెప్పిన డాక్టరు దగ్గర వేయించుకున్న మోకాలికి మేము నాలుగోది వేయాలా వద్దా ఎలా తేల్చాలి?

గుజ్జు ఇంజెక్షన్ గురించి స్పష్టంగా చెబుతాం. హయలురానిక్ యాసిడ్ కీలు నీటిలో సహజంగా ఉండే పదార్థమే. మొదట్లో కోడిపుంజు తలమీది ఎర్రటి జుట్టు నుంచి తీసేవారు, ఇప్పుడు చాలా వరకు బాక్టీరియాతో తయారుచేస్తున్నారు. వారానికొకటి చొప్పున మూడు నుంచి ఐదు వేసేవి ఉన్నాయి, ఒకేసారి 6 మిల్లీలీటర్లు వేసేదీ ఉంది. అరిగిపోయిన గుజ్జుని ఇది మళ్ళీ పుట్టించదు. అమెరికా రుమటాలజీ (కీళ్ళ జబ్బుల వైద్యుల) సంఘం 2019లో మోకాలి అరుగుదలకి దీన్ని వాడకపోవడమే మేలని, తుంటికి అసలే వద్దని చెప్పింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో దీన్ని ఇవ్వొద్దనే రాసింది. కొందరికి కొన్ని నెలలు హాయిగా ఉందని చెప్పే మాట వాస్తవమే, కాదనం. కానీ వేలకి వేలు పోసి, ‘గుజ్జు పెరుగుతుంది’ అన్న మాట మీద, కూలి డబ్బులు ఖర్చు చేయించడం అన్యాయం. పీఆర్‌పీ మీద 2021లో ఆస్ట్రేలియాలో 288 మందితో చేసిన పరీక్షలో ఏడాది తర్వాత సెలైన్ వేసినవారికీ దీన్ని వేసినవారికీ నొప్పిలో గానీ గుజ్జు పరిమాణంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇది చదివాక కూడా వేయించుకుంటామంటే అది వారి ఇష్టం. చదివే అవకాశమైతే ఇవ్వాలి కదా.

పల్లెల్లో మరో అలవాటు పాతుకుపోయింది. నొప్పులంటే పిరుదుకి ఒక స్టీరాయిడ్ సూది. 2006లో చికున్‌గున్యా ఊళ్ళకి ఊళ్ళు పడగొట్టినప్పుడు ఇది మరీ ఎక్కువైంది, ఇప్పటికీ ఆగలేదు. కీలులో మూడు నెలలకోసారి వేయడం వేరు, కండలో పది రోజులకోసారి వేయడం వేరు. రెండోదాంట్లో మందు ఒళ్ళంతా పాకుతుంది. ముఖం గుండ్రమవుతుంది, షుగర్, బీపీ వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం జరుగుతుంది, ప్రాణం మీదకీ రావచ్చు. కాబట్టి ఏళ్ళ తరబడి అలా వేయించుకున్నవాళ్ళు ఈ ఉత్తరం చదివి రేపటి నుంచి మానేయొద్దు. పెద్దాసుపత్రికి వెళ్ళి, సంగతి దాచకుండా చెప్పి, మెల్లగా తగ్గించుకోవాలి.

ఇక ఫిజియోథెరపీ. ఇంజెక్షన్ ఇచ్చేది కొన్ని వారాల వెసులుబాటు, ఆ వారాల్లోనే కండరాలకి బలం తెచ్చుకోవాలి. మోకాలి అరుగుదలకి ఫిజియోథెరపీనీ స్టీరాయిడ్ ఇంజెక్షన్‌నీ పోల్చి 2020లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో ఏడాది చివరికి ఫిజియోథెరపీ చేసినవారే మెరుగ్గా ఉన్నారు. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. ఇంట్లో నడవచ్చు, బరువులు, మెట్లు, గొంతుక్కూర్చోవడం వద్దు. కొందరు అలిపిరి దారిలో కాలినడకన కొండెక్కాలని ముందురోజు ఇంజెక్షన్ వేయించుకుంటున్నారు. 3,550 మెట్లు. నొప్పి తెలియని మోకాలి మీద అన్ని మెట్లెక్కితే జరిగే నష్టం దిగొచ్చాక తెలుస్తుంది. మొక్కు తీర్చుకోవాలంటే కనీసం రెండు వారాలు ఆగండి, ఈలోగా తొడలకి బలం తెచ్చుకోండి.

మూడో రోజు నుంచి వ్యాయామం మొదలుపెట్టాలి. కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందకి అదిమి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. తర్వాత మోకాలు వంచకుండా కాలు జానెడు ఎత్తి ఐదు లెక్కపెట్టి దించాలి. రెండో వారం నుంచి చేతులు పెట్టకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కుర్చీ ఎత్తు చాలకపోతే దిండు వేసుకోవచ్చు. భుజానికైతే ముందుకి వంగి, అరలీటరు నీళ్ళ సీసా పట్టుకుని చేతిని లోలకంలా ఊపడం, గోడ మీద వేళ్ళు పాకించుకుంటూ పైకి తీసుకెళ్ళడం. వ్యాయామం చేసిన గంట తర్వాత కూడా నొప్పి పెరిగే ఉంటే మర్నాడు సగమే చేయాలి, మానేయకూడదు. బరువు సంగతి కూడా చెప్పాలి: ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

ఇప్పుడు చీటీ. అందులో ఏముండాలో నమూనా రాస్తున్నాం: ‘కుడి మోకాలు. బయటివైపు పై మూల నుంచి. 30 మి.లీ. నీరు తీశాం, గడ్డి రంగు, తేటగా ఉంది. ట్రైయామ్సినలోన్ 40 మి.గ్రా., 1 శాతం లిగ్నోకైన్ 4 మి.లీ. బ్యాచ్ నంబరు, గడువు తేదీ. ఈ కీలుకి ఈ ఏడాదిలో ఇది రెండోది, మొదటిది ఫలానా తేదీన. షుగర్ ఉంది, వారం పాటు చూసుకోమన్నాం. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్.’ రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. రాయలేనంత రద్దీగా ఉందంటే, అక్కడ కీలులోకి సూది దించేంత శుభ్రతకి కూడా తీరిక లేదన్నమాటే. ‘స్టీరాయిడ్ అని రాస్తే రోగి భయపడి పారిపోతాడు’ అని మా తోటి డాక్టర్లు కొందరు అంటారు. పేరు దాచి వేయడం కన్నా పేరు చెప్పి, ఎంత వేస్తున్నామో, ఎందుకు వేస్తున్నామో చెప్పి ఒప్పించడమే మన పని. రోగులకి, వాళ్ళని తీసుకొచ్చే కొడుకులకీ కోడళ్ళకీ మా మనవి: మంచం మీద పడుకునేముందే ‘సార్, మందు పేరు రాసిస్తారా?’ అని అడగండి. లేదంటే దిగి వచ్చేయండి. రాసిచ్చినదాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, పాత చీటీలన్నీ ఒకే సంచిలో ఉంచండి.

మీకు కూడా ఒక మనవి, సంపాదకులు గారూ. మోకాళ్ళ ఇంజెక్షన్ల ప్రకటన మీ పత్రికకి వచ్చినప్పుడు అందులో మందు పేరు, మోతాదు, వేసే డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే వెనక్కి పంపండి. మీ జిల్లా పేజీలో క్యాంపు వార్త వేసేటప్పుడు మీ విలేకరి నిర్వాహకులని ‘ఏ మందు? ఎవరెవరికి వేశారో రిజిస్టరు ఉందా?’ అని అడిగి, వాళ్ళు చెప్పిన జవాబుని కూడా వార్తలో రాయనివ్వండి.

ఇట్లు,
ఒక ఎముకల డాక్టరు, ఒక ఫిజియోథెరపిస్టు
ఒంగోలు